చేతికి పుస్తకం అలవాటు చేయడం ఎలా?

ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఎప్పుడో ఇష్టంగా చదివిన అచ్చు పుస్తకంలోంచి మిమ్మల్ని కదిలించిన ఒక్క వాక్యాన్ని గుర్తు చేసుకోండి. అది ఎడమ పుటలో ఉందా, కుడి పుటలోనా? పైభాగంలోనా, అడుగునా? పుస్తకం మొదట్లోనా, సగం దాటాకనా? వాక్యంలోని మాటలు కొన్ని చెదిరిపోయి ఉండవచ్చు. దాని చోటు మాత్రం చాలామందికి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పోయిన వారం ఫోనులో చదివిన పెద్ద వ్యాసం దగ్గరికి రండి. అందులో మీకు నచ్చిన వాక్యం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. వేలితో పైకి తోసుకుంటూ పోయారు, అది జారి మాయమైంది.

ఏ విషయం పుటలో ఏ చోట ఉందో గుర్తుపెట్టుకోమని ఎవరూ చెప్పకపోయినా పాఠకుల మనసు దాన్ని ఎంతో కొంత పట్టుకుంటుందని ఎర్న్‌స్ట్ రాత్‌కాఫ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1971లోనే ప్రయోగం చేసి చూపించాడు. అచ్చు పుస్తకం మనకిచ్చే వాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ ‘చోటు’ అని నా నమ్మకం. బరువు, వాసన, కాగితం గరుకు, పుట తిప్పిన చప్పుడు అన్నీ కలిసి చదివిన మాటకు ఒక చిరునామా ఏర్పరుస్తాయి. ఆ చిరునామా కళ్లతో మాత్రమే దొరకదు. చేతులు కూడా చదవాలి. రోజంతా అద్దం మీద జారడానికి అలవాటుపడిన వేళ్లకు ఆ విద్య మరుపున పడింది. దాన్ని మళ్లీ నేర్పడం కష్టమేమీ కాదు. నాకు పనికొచ్చిన పద్ధతి వరసగా చెబుతాను.

ముందు చేత్తో చదవండి

కొనబోయే పుస్తకమైనా, గ్రంథాలయం నుంచి తెచ్చుకోబోయేదైనా, చేతిలోకి తీసుకోగానే అట్ట వెనక రాసిన నాలుగు మాటలు చదవడం మనందరి అలవాటు. ఈసారి ఆ పని తర్వాతకు వాయిదా వేయండి. పుస్తకాన్ని మధ్యకు తెరిచి ఒక చేత్తో పట్టుకోండి. బొటనవేలు పుటల మధ్యన, మిగిలిన వేళ్లు వెన్ను కింద ఉండాలి. అలా ఒక నిమిషం నిలబడండి. మణికట్టు లాగుతోందా? అయితే ఆ పుస్తకాన్ని మీరు పడుకుని చదవలేరు, బల్ల మీద పెట్టుకునే చదవాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగంలో ఆగిపోయే పుస్తకాల సంఖ్య తగ్గుతుంది. మనసుకు నచ్చలేదనుకుని పక్కన పెట్టిన పుస్తకాల్లో కొన్ని నిజానికి చేతికి నచ్చనివి.

పండితులు చదివే గ్రంథాలు ఎక్కువగా బల్ల మీద పరిచి చదివే పెద్ద పరిమాణంలో ఉన్న కాలంలో, వెనిస్ నగర ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ 1501లో చేతిలో ఇమిడే చిన్న పుస్తకాల వరస ఒకటి మొదలుపెట్టాడు. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పుటలు వస్తాయి. ఆ కొలతే అతను వాడుకున్నాడు. ఈనాటికీ ముద్రణాలయాల్లో పదహారు పుటలను ఒక ఫారంగా లెక్కిస్తారు. మీ అరచేతిలో హాయిగా సర్దుకునే పుస్తకాన్ని చూసినప్పుడు, ఆ హాయి అయిదు వందల ఏళ్ల నాటి మడతలోంచి వచ్చిందని తలచుకోండి.

తర్వాత ఒక పుటను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నెమ్మదిగా రుద్దండి. కాగితాన్ని జీఎస్‌ఎంలో కొలుస్తారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ లెక్క. వార్తాపత్రిక కాగితం 45 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది. కథలు, నవలలు సాధారణంగా 70, 80 గ్రాముల కాగితం మీద వస్తాయి. మెత్తటి అట్ట 250, 300 గ్రాముల దాకా ఉంటుంది. రెండు మూడు వారాల పాటు చేతికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఇలా రుద్ది చూస్తే, అంకె చదవకుండానే కాగితం తరగతి వేళ్లకు తెలిసిపోతుంది. అదే పుటను దీపానికి అడ్డంగా పట్టుకుని చూడండి. వెనక వైపు అక్షరాలు ఇటువైపు గట్టిగా కనిపిస్తే ఆ పుస్తకం కళ్లను అలసటపెడుతుంది. కాగితం మరీ తెల్లగా మెరవకుండా లేత గోధుమ వన్నెలో ఉంటే గంటల తరబడి చదవడానికి నాకు సుఖంగా అనిపిస్తుంది. పైపూత పూసిన నున్నటి ఆర్ట్ పేపర్ బొమ్మలకు బాగుంటుంది గాని, వచనానికి పనికిరాదు. దీపం అందులో ప్రతిఫలించి, మీరు వాక్యం కోసం పుస్తకాన్ని అటూ ఇటూ వంచుతూ కూర్చోవాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాగితానికి నార దిశ అని ఉంటుంది. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే వైపు వాలుతుంది. ఆ దిశ వెన్నుకు సమాంతరంగా ఉంటే పుట ఎటు తిప్పితే అటు ఒదిగి, మెత్తగా వాలుతుంది. అడ్డంగా ఉంటే పుట బిరుసుగా లేచి నిలబడుతుంది. పైగా పీచు తేమకు పొడవులో కన్నా వెడల్పులో ఎక్కువగా ఉబ్బుతుంది కాబట్టి, అలాంటి పుస్తకం వెన్ను దగ్గర అలలు అలలుగా ముడతలు పడుతుంది. ఒక పుటను నిలువుగా కొంచెం వంచి వదలండి, తర్వాత అడ్డంగా వంచి వదలండి. వంపు గీత ఏ దిశలో ఉన్నప్పుడు తేలిగ్గా వంగిందో నార దిశ అది. పది సెకన్ల పని. కొన్ని పుస్తకాలు చేతిలో ఎందుకు మొరాయిస్తాయో ఆ పది సెకన్లలో అర్థమవుతుంది.

చివరిగా పుస్తకాన్ని పైనుంచి, అంటే తల వైపు నుంచి చూడండి. వెన్ను దగ్గర చిన్న చిన్న మడతల గుత్తులు వరసగా కనిపిస్తే అది ఫారాలను దారంతో కుట్టిన పుస్తకం. గుత్తులు లేకుండా ఆకులన్నీ చదునుగా కోసి జిగురులో దిగినట్టుంటే అది పర్ఫెక్ట్ బైండింగ్. పేరు అలా ఉన్నా, దాని ఆయుష్షు జిగురు మీద ఆధారపడి ఉంటుంది. పాతబడ్డాక, గట్టి చలిలోనూ ఆ జిగురు పెళుసెక్కుతుంది. పదేపదే చదవాలనుకునే పుస్తకం కుట్టినది దొరికితే అదే తీసుకోండి. లోపలి మార్జిన్ కూడా చూడండి. అక్షరాలు వెన్నులోకి దూరిపోతుంటే చదివినంత సేపూ పుస్తకంతో పెనుగులాటే. తెలుగు పుస్తకమైతే వరసల మధ్య ఎడం మరింత ముఖ్యం. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పొదుపు కోసం వరసలు ఇరికిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది, కన్ను తట్టుకుంటూ నడుస్తుంది.

కొత్త పుస్తకాన్ని మర్యాదగా తెరవండి

నాకెంతో ఇష్టమైన ఒక లావుపాటి పుస్తకాన్ని, ఇంటికి తెచ్చిన రోజే సరిగ్గా మధ్యకు తెరిచి రెండు అరచేతులతో గట్టిగా అదిమాను. టప్ మని ఒక శబ్దం వచ్చింది. ఆ రోజు నుంచి ఆ పుస్తకం ఎప్పుడు తీసినా అదే చోట తెరుచుకుంటుంది. కొన్నాళ్లకు ఆ చోట ఆకులు ఒక్కొక్కటే వూడి వచ్చాయి. వాటిని వరస తప్పకుండా లోపలే పెట్టి చదువుతున్నాను గాని, ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. మీకు ఆ కష్టం రాకూడదు.

పద్ధతి ఇది. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి బల్లపై ఉంచండి. ముందు అట్టను, తర్వాత వెనక అట్టను మెల్లగా కిందికి వాల్చండి. పుటలన్నీ ఒక చేతిలో నిటారుగా ఉండనివ్వండి. ఇప్పుడు ముందు నుంచి పది పదిహేను ఆకులు తీసి వాల్చి, వెన్ను పక్కన వేలితో పైనుంచి కిందికి ఒక్కసారి ఒత్తుకుంటూ రండి. తర్వాత వెనక నుంచి అన్నే ఆకులు. మళ్లీ ముందు, మళ్లీ వెనక. ఇలా రెండు వైపుల నుంచీ మధ్యకు చేరండి. బలం వాడకండి. ఎక్కడైనా బిగువు అనిపిస్తే అక్కడ వదిలి, మరో నాలుగు ఆకులు తక్కువ తీసుకోండి. అయిదు నిమిషాలు పడుతుంది. వెన్ను అంతటా సమానంగా సడలుతుంది గనక ఏ పుట దగ్గరా పగులు రాదు.

ఈ పని చేసేటప్పుడు మొదలూ చివరా చదవాలన్న తొందర పడకండి. కొన్ని మాటలు వాటంతటవే కంటబడతాయి. ఎవరిదో ఒక పేరు, ఒక ప్రశ్న, అధ్యాయం మొదట్లో సగం వాక్యం. తర్వాత చదువుతూ వాటి దగ్గరికి చేరినప్పుడు ముందే పరిచయమున్న ముఖం ఎదురైనట్టు ఉంటుంది. ఈ చిన్న సంతోషం కోసమైనా కొత్త పుస్తకాన్ని ఇంకొకరి చేత తెరిపించకండి.

వాసన చూడటం నేర్చుకోండి

పుస్తకాన్ని మధ్యకు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోవడానికి మొహమాటపడేవాళ్లు ఉన్నారు. మొహమాటం అక్కర్లేదు. శాస్త్రవేత్తలు కూడా అదే పని చేశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మతియా స్ట్ర్లిచ్ బృందం 2009లో 72 పాత కాగితాల నుంచి వెలువడే ఆవిరులను విశ్లేషించింది. ఆకును చింపకుండా, ముక్క కత్తిరించకుండా, వాసనను బట్టే కాగితం ఎంత జబ్బు పడిందో చెప్పగలమా అన్నది వాళ్ల ప్రశ్న. చెప్పగలమని తేలింది. పాత పుస్తకం వాసనలో పచ్చిగడ్డి ఛాయ, ఆమ్లపు ఘాటు, కొద్దిగా వనిల్లా, వీటన్నిటి అడుగున ముతకవాసన ఉంటాయని వాళ్లు వర్ణించారు. 2017లో అదే సంస్థకు చెందిన సిసిలియా బెంబిబ్రే, స్ట్ర్లిచ్ కలిసి బర్మింగ్‌హామ్ మ్యూజియానికి వచ్చిన సందర్శకులకు పాత పుస్తకం వాసనను అదేమిటో చెప్పకుండా చూపించారు. ఎక్కువమందికి తట్టిన మాట చాక్లెట్. తర్వాత కాఫీ.

దీనికి కారణం కాగితం పుట్టుకలోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా యూరప్‌లో కాగితాన్ని నూలు, నార గుడ్డ పేలికల నుంచి చేసేవారు. 1840లలో జర్మనీలో కెల్లర్ అనే నేతపనివాడు కలపను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. కాగితం చవకైంది, పుస్తకం అందరి చేతికీ వచ్చింది. కలపతో పాటు లిగ్నిన్ అనే పదార్థం కూడా కాగితంలోకి వచ్చింది. వెలుగు, గాలి తగిలి లిగ్నిన్ మారుతుంటే కాగితం పసుపెక్కుతుంది. అది విరిగినప్పుడు పుట్టే వాటిలో వనిల్లిన్ ఒకటి. వనిల్లా కాయకు పరిమళాన్నిచ్చేదీ అదే. సిరా పాకకుండా కాగితంలో కలిపిన పటిక ఆమ్లమై కాగితపు పీచులోని సెల్యులోజును కొంచెం కొంచెంగా తింటుంది. అప్పుడు పుట్టే ఫర్ఫ్యూరల్ అనే రసాయనానికి బాదం లాంటి తీపి వాసన ఉంటుంది. అంటే మీరు ఆప్యాయంగా పీల్చే ఆ పరిమళం, పుస్తకం నెమ్మదిగా కరిగిపోతున్న జాడ. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పాత పుస్తకాన్ని వాసన చూస్తుంటే నాకు ప్రేమతో పాటు కొంచెం దిగులు కూడా కలుగుతుంది. ఆ దిగులు అక్కర్లేని పుస్తకాలూ ఉన్నాయి. ఆమ్లం లేకుండా చేసే శాశ్వత కాగితానికి 1994లో ఐఎస్ఓ 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ప్రచురణ వివరాలుండే పుటలో వృత్తం లోపల అనంతం గుర్తు కనిపిస్తే ఆ కాగితం చాలాకాలం నిలుస్తుందని అర్థం.

అభ్యాసం ఇలా చేయండి. వేర్వేరు వయసుల పుస్తకాలు మూడు తీసుకోండి. ఒకటి ఈ ఏడాదిది, ఒకటి ఇరవై ఏళ్ల నాటిది, ఒకటి యాభై దాటినది. కళ్లు మూసుకుని, ఒక్కొక్కదాన్ని మధ్యకు తెరిచి, వెన్ను లోయ దగ్గర ముక్కు పెట్టి మెల్లగా గాలి పీల్చండి. కొత్తదాంట్లో సిరా నూనె, జిగురు వాసన ముందుకొస్తాయి. నడివయసుదాంట్లో అవి తగ్గి ఎండిన కొయ్య వాసన మొదలవుతుంది. పాతదాంట్లో తీపి, పులుపు, దుమ్ము. మీకు తోచిన మాటను పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసుకోండి. ‘బాగుంది’ అని రాయకండి, దేని వాసనలా ఉందో రాయండి. పదిసార్లు చేశాక ముక్కు మెరుగవుతుంది. ఒక జాగ్రత్త. తడి మట్టి, చెమ్మ గోడ లాంటి వాసన వచ్చినా, పుటల మీద బూజు మచ్చలు కనిపించినా ఆ పుస్తకాన్ని ముక్కుకు దూరంగా ఉంచండి. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవాళ్లు ఈ అభ్యాసం కొత్త పుస్తకాలతోనే చేయాలి.

వేళ్లకు, చెవికి పని చెప్పండి

సీసపు అక్షరాలతో లెటర్‌ప్రెస్ మీద అచ్చయిన పాత పుస్తకం దొరికితే, పుటను ఏటవాలు వెలుతురులో పెట్టి వెనక వైపు వేలి కొసతో నిమరండి. అక్షరాలు కాగితంలోకి దిగిన చోట వెనక చిన్న చిన్న గుబ్బలు తగులుతాయి. ఎవరో ఒక్కో అక్షరాన్ని చేత్తో ఏరి కూర్చారు, యంత్రం దాన్ని కాగితంలోకి నొక్కింది. ఆ నొక్కు ఇన్నేళ్ల తర్వాత మీ వేలికి తగులుతోంది. ఇప్పటి ఆఫ్‌సెట్ ముద్రణలో సిరా కాగితం మీద పలచగా కూర్చుంటుంది, అక్కడ ఈ గుబ్బలు ఉండవు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని నిమిరితే ఒక్క నిమిషంలో తేడా పట్టుబడుతుంది. నేను మొదటిసారి దీన్ని గమనించినది ఒక పాత పద్యాల పుస్తకంలో. పూర్ణవిరామం దగ్గర కాగితం దాదాపు చిల్లు పడేంత లోతుగా నొక్కుకుపోయింది. కవి ఆగిన చోట వేలు కూడా ఆగింది.

రోజూ చదివే పుస్తకంతో చేయాల్సింది ఇంకొకటి. చదువుతున్నప్పుడు ఎడమ చేతిలోని మందాన్ని, కుడి చేతిలోని మందాన్ని గమనించండి. పుట సంఖ్య చూడకుండా ఎంత అయింది, ఎంత మిగిలింది అని వేళ్లతో అంచనా వేసి, తర్వాత సంఖ్యతో సరిచూసుకోండి. కొద్ది రోజుల్లో అంచనా చాలా దగ్గరగా వస్తుంది. ఇది ఆటలా కనిపించినా కథ మీద పట్టు ఇక్కడే ఉందనిపించే ఫలితం ఒకటి ఉంది. నార్వేకు చెందిన ఆన్ మాంగెన్, ఇద్దరు సహచరులతో కలిసి 2019లో ప్రచురించిన పరిశోధనలో 50 మంది చేత 28 పుటల కథ చదివించారు. సగం మందికి అచ్చు పుస్తకం, సగం మందికి కిండిల్ అనే, తెర మీద చదివే పరికరం ఇచ్చారు. కథ అర్థం కావడంలో చాలావరకు రెండు గుంపులూ సమానమే. ఏ సంఘటన ముందు, ఏది తర్వాత అని వరస పెట్టమన్నప్పుడు మాత్రం అచ్చు పుస్తకం చదివినవాళ్లు మెరుగ్గా చేశారు. కిండిల్‌లో ప్రతి పుటకూ ఒకే బరువు, ఒకే మందం. అచ్చు పుస్తకంలో కథ ముందుకు నడిచిన కొద్దీ బరువు కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మారుతూ ఉంటుంది. తేడాకు మూలం అదే కావచ్చని పరిశోధకులు భావించారు. నా అనుభవం కూడా అదే చెబుతోంది.

తెర మీద చదవడమే తప్పని నేను అనను. అక్షరం పెద్దది చేసుకోవాల్సిన కళ్లకు, ప్రయాణాల్లో పది పుస్తకాలు మోయలేనివాళ్లకు, ఒక మాట ఎక్కడుందో వెతకాల్సినవాళ్లకు అది నిజమైన మేలు చేస్తుంది. 2018లో 54 పరిశోధనలను, అంటే లక్షా 70 వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసినప్పుడు, సమాచారం కోసం చదివే పాఠాల్లో కాగితానిదే పైచేయి అయింది. సమయం తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. కథల దగ్గర చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి పరీక్షలో మార్కుల కోసం కథల పుస్తకం పట్టుకోకండి. ఆనందం కోసం పట్టుకోండి.

చెవి సంగతి చిన్నదే. పుటను కింది మూల నుంచి కాకుండా పై మూల నుంచి, వేలి మెత్తటి భాగంతో ఎత్తి తిప్పండి. బిరుసు కాగితం టపటపలాడుతుంది, మెత్తటి కాగితం గుసగుసలాడుతుంది. వేలికి ఉమ్మి తడి అద్ది తిప్పే అలవాటుంటే మానేయండి, ఆ తడికి పుటల మూలలు నల్లబడి పీచు లేస్తాయి. ప్రతి అధ్యాయంలో ఒక పేరా పైకి చదవండి. గొంతు ఎక్కడ ఆగిందో ఆ చోటు మీకు గుర్తుండిపోతుంది.

కూర్చునే చోటు సిద్ధం చేసుకోండి

ఫోను పక్క గదిలో పెట్టండి. చప్పుడు రాకుండా చేసి బోర్లా పెడితే చాలదు, చేయి అటే వెళ్తుంది. వెలుతురు భుజం మీదుగా, కొంచెం పక్క నుంచి పుటపై పడాలి. కుడి చేత్తో పుట తిప్పేవాళ్లకు ఎడమ భుజం వైపు దీపం ఉంటే నీడ పడదు. మొదట ఇరవై నిమిషాలు చాలు. మొదటి ఏడెనిమిది నిమిషాలు మనసు ఆగదు, ఏదో మరిచిపోయినట్టు చేయి ఫోను కోసం వెతుకుతుంది. నాకు ఇప్పటికీ అలా జరుగుతుంది. అప్పుడు చదవడం ఆపి, చేతిని పుట మీద చదునుగా ఆనించి ఉంచండి. కాగితం చల్లదనం తెలుస్తుంది. అరనిమిషం అలా ఉండి, ఆగిన వాక్యం కాకుండా ఆ పేరా మొదటి నుంచి మళ్లీ చదవండి.

పెన్సిల్ దగ్గర ఉంచుకోండి

సొంత పుస్తకమైతేనే సుమా. గ్రంథాలయం పుస్తకంలో చుక్క కూడా పెట్టకండి. మెత్తటి పెన్సిల్, హెచ్‌బీ గాని 2బీ గాని, తేలిక చేత్తో వాడండి. బాల్‌పెన్ గీత వెనక పుటకు దిగుతుంది, రంగు హైలైటర్ కాలక్రమంలో వెలిసి మరకగా మిగులుతుంది. పెన్సిల్ గీతను ఎప్పుడైనా తుడిచేయవచ్చు. అలా తుడిచేయవచ్చన్న భరోసా ఉన్నప్పుడే మార్జిన్‌లో నిజం రాస్తాం. గీతలు తక్కువ పెట్టండి. పుటకు ఒకటి మించితే అసలైనది ఏదో తర్వాత మీకే తెలియదు.

పాత పుస్తకాలు కొన్నప్పుడు ఇంకొకరి గీతలు తగులుతాయి. వాటిని చెరిపేయాలన్న తొందర వద్దు. నా దగ్గరున్న ఒక కథల సంపుటిలో ఎవరో ఒకే ఒక్క చోట, ఒక తల్లి కొడుకుని సాగనంపే వాక్యం పక్కన, నిలువుగా సన్నటి గీత గీశారు. పుస్తకమంతటిలో ఇంకెక్కడా ఏ గుర్తూ లేదు. గీత కింది కొస కొంచెం వణికింది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఆ పుట దగ్గరికి వచ్చినప్పుడల్లా మాత్రం మేమిద్దరం కలిసి చదువుతున్నట్టే ఉంటుంది.

పుస్తకం ఒంటిని కాపాడుకోండి

అరలోంచి తీసేటప్పుడు వెన్ను పై కొసను వేలితో లాగడం అందరం చేసే తప్పు. అక్కడే మొదట చిరుగుతుంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కొంచెం లోపలికి తోసి, మధ్యలో పట్టుకుని తీయండి. పుస్తకాలు నిటారుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. వాలిపోయి నిలబడితే వెన్ను మెలి తిరుగుతుంది, బిగించి కుక్కితే అట్టలు గీసుకుపోతాయి. మరీ పెద్దవాటిని పడుకోబెట్టండి. ఎండ తగిలే చోట అర పెట్టకండి. ఎరుపు, పసుపు రంగులు ముందు వెలిసిపోతాయి. కొన్ని అరల్లో వెన్నులన్నీ నీలంగా మిగలడానికి కారణం అదే.

పుట చిరిగితే మామూలు సెలోటేపు అంటించకండి. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమ రంగు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. పలచటి జపనీస్ టిష్యూ కాగితం, గోధుమ పిండి గంజి వాడితే అతుకు కనిపించదు, కావాలంటే తడిపి తీసేయవచ్చు కూడా. అట్టల మధ్య సన్నగా, వెండి రంగులో పరుగెత్తే రామబాణం పురుగులు కనిపిస్తే చెమ్మ ఎక్కువైందని అర్థం. అవి జిగురునూ గంజినీ తింటాయి. అరను గోడకు ఆనించకుండా కొంచెం ఎడంగా జరిపి గాలి ఆడనివ్వండి. పురుగు పట్టిన పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు చస్తుంది. బయటికి తీశాక పుస్తకం గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే పుటల మీద నీరు పడుతుంది. పుస్తకం తడిసినా కంగారుపడకండి, ఇస్త్రీ పెట్టకండి. నిలబెట్టి, పుటలు విసనకర్రలా విచ్చుకునేలా పెట్టి పంకా గాలికి ఆరనివ్వండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మిగిలిన పని ఒక్కటే. పుస్తకం పూర్తి చేసిన రోజు, చివరి అట్ట లోపలి వైపు, కింది మూలలో పెన్సిల్‌తో తేదీ వేయండి. ఎక్కడ కూర్చుని ముగించారో రెండు మాటలు రాయండి. ఇంకేమీ వద్దు, అభిప్రాయం కూడా వద్దు. మళ్లీ చదివినప్పుడు దాని కింద ఇంకో తేదీ వేయండి. నా దగ్గర ఒక పుస్తకంలో అలాంటి తేదీలు మూడున్నాయి. మొదటిది గుండ్రటి అక్షరాల్లో, ఏదో పరీక్ష ముందు రోజు అని ఉంది. రెండోది ఆసుపత్రి వరండాలో. మూడోదాని పక్కన ‘కిటికీ దగ్గర, వాన’ అని ఉంది. దాని కింద ఇంకా రెండు వేళ్ల చోటు ఖాళీగా ఉంది.